రాజవ్వ వాకిట్లో అద్దాల డబ్బా

సిద్దిపేటలో నలభై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపి, ఒక్క మసక ఫోటోను కూడా గడప దాటనివ్వని మనిషిని నేను. నేను తీసిన పెళ్లి ఫోటో చూసి, పెళ్లికొడుకు గడ్డం గీసుకునేటప్పుడు ఏ వెంట్రుకను వదిలేశాడో చెప్పొచ్చు. పెళ్లికూతురి కంట్లోకి తేరిపార చూస్తే ఎదురుగా కెమెరా పట్టుకుని నిలబడ్డ నేను కనిపిస్తాను, చొక్కా గుండీలతో సహా.

ఈ మాట నేను ఎవరితో అన్నా వంటింట్లో ఒక గిన్నె బండ మీద గట్టిగా పడుతుంది. ఆ చప్పుడు మా ఆవిడ సత్తెమ్మది. పదిమంది ముందు ఆవిడ నన్ను నోటితో కాదనదు, గిన్నెతో కాదంటుంది. నాకు రాస్తూ పైకి చదువుకునే అలవాటు. పై మూడు వాక్యాలకే రెండు గిన్నెలు పడ్డాయి. అందుకని ఇప్పుడే సర్దుకుంటాను. నలభై ఏళ్లు కాదు, ఇరవై ఎనిమిది. మిగతా పన్నెండేళ్లూ అదే గదిలో జిరాక్స్ మిషన్ తిప్పాను. ఇక మసక ఫోటోల సంగతి అంటారా, చెప్పబోయేది అదే. ఒక ముసలమ్మ జన్మలో ఒకే ఒక్క ఫోటో అడిగింది. దాన్ని నేను ఎంత శ్రద్ధగా, ఎంత భక్తిగా, ఎన్ని పరికరాలు పెట్టి నాశనం చేశానో చెబుతాను. మీరు నవ్వండి. నాకు మాత్రం నవ్వు రావడానికి కొన్నేళ్లు పట్టింది.

నా దగ్గర ఒక జర్మనీ కెమెరా ఉంది. నిజాం కాలపు నవాబు గారి మనవడొకాయన నా పనితనానికి ముచ్చటపడి, స్వయంగా తన చేతులతో...

గిన్నె.

సరే. రిటైరై సొంతూరు వెళ్లిపోతున్న పశువుల డాక్టరు గారు, కూతురి పెళ్లి ఫోటోలు బాగా వచ్చాయని నాకు వదిలేసి వెళ్లారు. కెమెరా మాత్రం నవాబు లాంటిదే. చేతిలో పెట్టుకుంటే మనకే కాస్త మర్యాద వస్తుంది. అయితే దాంట్లో లెన్సులోంచి చూడటం ఉండదు. పక్కన చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి చూస్తే ఒక మనిషి ఇద్దరిలా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ జరిగి జరిగి ఒకరిలో ఒకరు కలిసిపోతారు. కలిశారంటే ఫోకస్ కుదిరినట్టు. వయసులో ఉన్నప్పుడు ఆ ఇద్దర్నీ నేను కనురెప్ప వేసేలోగా కలిపేవాణ్ని. అరవై దాటాక వాళ్లు నా మాట వినడం మానేశారు. కలిశారనుకుంటే విడిపోతారు, విడిపోయారనుకుంటే ముగ్గురవుతారు.

ఒక హెడ్మాస్టరు గారి పదవీ విరమణ సభలో నేను తీసిన ఫోటో ఇప్పటికీ ఆ బడి ఆఫీసు గదిలో ఉంది. శాలువా కప్పుకున్న హెడ్మాస్టరు గారు అందులో చలికాలపు పొగమంచులా ఉంటారు. ఆయన వెనక గోడ మీద ‘ఇక్కడ ఉమ్మి వేయరాదు’ అన్న అక్షరాలు మాత్రం రాతి మీద చెక్కినంత స్పష్టంగా వచ్చాయి.

“కండ్ల దవాఖానకు పోరాదా?” అంది సత్తెమ్మ.

“లోపం నా కంట్ల లేదు, కిటికీల ఉన్నది.”

“మరి పొద్దున చారుల ఉప్పు అనుకొని చక్కెర వేసినవ్. గదే కిటికీలకెల్లి చూసినవు?”

ఆవిడతో వాదన పెట్టుకోకుండా నేను హైదరాబాద్ బస్సెక్కాను. కోఠిలో ఒక సందులో పాత కెమెరాలు బాగుచేసే ముసలి మిస్త్రీ ఉన్నాడు. నా గోడు విని, నా కళ్లజోడు కేసి ఒకసారి చూసి, మర్యాదగా ఏమీ అనకుండా బీరువా తెరిచి ఒక వస్తువు తీశాడు. ఇటుకలో సగం ఉంటుంది, నల్లగా, బరువుగా. కెమెరాకూ లెన్సుకూ మధ్య దాన్ని బిగించాలి. లోపల ఏటవాలుగా ఒక అద్దం. లెన్సులోంచి వచ్చిన వెలుగు ఆ అద్దానికి తగిలి పైకి తిరిగి, పైనున్న గరుకు గాజు మీద బొమ్మ కడుతుంది. మీట నొక్కితే అద్దం లేచి తప్పుకుంటుంది, ఫిల్ముకు దారి ఇస్తుంది.

“లెన్సు ఏం చూస్తదో నువ్వు గదే చూస్తవు భయ్యా” అన్నాడు మిస్త్రీ. “రెండు బొమ్మల లొల్లి ఖతం. కాకపోతే పొడుగు లెన్సుతోనే పనిచేస్తది. జర దూరం నిలబడి తియ్యాలె.”

పొడుగు లెన్సు కూడా బిగించి నా చేతికిచ్చాడు. నేను తల వంచి డబ్బాలోకి చూశాను.

నవ్వులాటకు రాస్తున్నాను గానీ, ఈ ఒక్క చోట నవ్వించలేను. బయట ఉన్నది నేను ఎన్నోసార్లు చూసిన సందే. అరటిపళ్ల బండి, దాని మీద ఒక కందిరీగ, బండి వెనక నిలబడి జేబులో చిల్లర వెతుక్కుంటున్న మనిషి. కానీ ఆ గాజు మీద కందిరీగ రెక్కలో నరాలు కనిపిస్తున్నాయి. అరటిపండు మచ్చ అంచు కనిపిస్తోంది. నేను తల ఎత్తి బయట చూశాను. మళ్లీ వంచి లోపల చూశాను. లోపలి సందే అసలుదనిపించింది, బయటిది ఎవరో దాన్ని చూసి గబగబా గీసుకున్నట్టుంది. ఇరవై ఎనిమిదేళ్లు ఫోటోలు తీసినవాణ్ని, జన్మలో మొదటిసారి చూస్తున్నవాడిలా నోరు తెరుచుకుని నిలబడ్డాను.

“నోరు మూస్కో భయ్యా, గాజు మీద ఊపిరి పడుతున్నది” అన్నాడు మిస్త్రీ. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని చెప్పాడు: “ఒక్కటి యాది పెట్టుకో. గీ అద్దం ఏడ ఆనుకుంటదో, ఫోకస్ మొత్తం గాడనే ఉన్నది. లోపల వేలు పెట్టొద్దు. గుడ్డ పెట్టొద్దు. ఊదను గుడ ఊదొద్దు.”

నేను తలూపాను. నేను చాలా బాగా తలూపుతాను.

ఇంటికొచ్చి మేడ మీద సాధన మొదలుపెట్టాను. గాజు మీద బొమ్మలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. పక్కింటి మేకను ఫోటో తీద్దామని అది కుడికి పోతే నేనూ కుడికి తిరిగాను, మేక గాజులోంచి మాయమైంది. ఎడమకు తిరిగితే దొరికింది. అలా ఆ మేక వెంట తిరిగి తిరిగి, డబ్బాలోకి చూస్తూనే బట్టలారేసే తీగకు మెడ తగిలించుకున్నాను. అయినా దసరాకు ముందు తీసిన ఆ మొదటి రీలు అద్భుతంగా వచ్చింది. మేక గడ్డం వెంట్రుకలు లెక్కపెట్టి సత్తెమ్మకు చెప్పాను. ఆవిడ లెక్క సరిచూడలేదు.

తర్వాత దసరా వచ్చింది. కత్తిపీట నుంచి కారు దాకా పనిచేసే ప్రతి వస్తువునూ కడిగి, బొట్టు పెట్టి, దండం పెట్టే పండగ. మా ఇంట్లో కొడవలి, కుట్టు మిషను, నా కెమెరా, కొత్త డబ్బా అన్నీ వరసగా పీట మీద కూర్చున్నాయి. పూజ సత్తెమ్మ చేసింది. నేను ఆ సమయానికి జమ్మి ఆకు కోసం వెళ్లాను. నేను లేని ఆ కాసేపట్లో ఏం జరిగిందో నాకేం తెలుసు? పాఠకులు ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నేను లేను.

గిన్నె పడింది. కానీ అది పొయ్యి మీది పాలు పొంగినందుకై ఉంటుంది.

పండగ వెళ్లిన వారానికి వేములఘాట్ నుంచి కిష్టయ్య వచ్చాడు. ముప్పై ఏళ్ల కింద అతని పెళ్లికి ఫోటోలు తీసింది నేనే. ఊరు మల్లన్నసాగర్ జలాశయం కింద మునిగిపోతోంది. సగం ఇళ్లు అప్పటికే తీసేశారు. కిష్టయ్య వాళ్లకు గజ్వేల్ దగ్గర కాలనీలో ఇల్లు వచ్చింది, పదిహేను రోజుల్లో వెళ్లిపోవాలి.

“మా అవ్వ ఒక్కటే మాట పట్టుకున్నది సారు” అన్నాడు. “కొడుకులు, కోడండ్లు, బిడ్డలు, అల్లుండ్లు, మనుమలు అందరు ఇంటి ముంగట నిలబడాలెనట. ఒక్క ఫోటోల అందరుండాలె, ఎన్క ఇల్లుండాలె. ఈ ఆదివారం అందరు వస్తున్నరు. మల్ల దొరుకరు.”

“సెల్లుల తీసుకుంటే అయిపాయె గదా” అంది సత్తెమ్మ, మంచినీళ్లు ఇస్తూ.

“వద్దంటది అక్కా. సెల్లుల ఫోటో సెల్లు పోతే పోతదట. గోడకు పెట్టేది కావాలెనట. నా పెండ్లి ఫోటో ఇంక గోడ మీదనే ఉన్నది. సారునే పిలువుమన్నది.”

ఇలాంటి మాట వింటే ఎవరైనా కాస్త తగ్గి ఉంటారు. నేను రెండంగుళాలు పెరిగాను.

ఆదివారం కిష్టయ్య బండి వెనక, డబ్బాను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. ఊళ్లో అడుగుపెట్టాక నా గొప్పలు కాసేపు ఆగిపోయాయి. వీధి ఉంది, ఇళ్లు లేవు. అక్కడక్కడా ఒక గోడ, గోడకు ఒక గూడు, గూట్లో దీపం మసి. కిష్టయ్య తల్లి రాజవ్వ ఇల్లు మాత్రం మొత్తం ఉంది. ఎనభై దాటిన మనిషి, పొద్దున్నే లేచి వాకిలంతా పేడతో అలికి ముగ్గు పెట్టింది. ఒక చివర ఇంకా తడిగానే ఉంది.

“రేపో మాపో పోయే ఇంటికి గీ అలుకుడు ఏందే అవ్వా” అన్నాడు కిష్టయ్య.

“ఇయ్యాల ఉన్నది గద” అంది ఆవిడ, చేతులు కడుక్కుంటూ.

అలికిన వాకిట్లోకి చెప్పులతో పోవద్దని అందరూ చెప్పులు ముగ్గు అంచున విడిచి వెళ్లారు. నేను ఎదురింటి దగ్గర నిలబడ్డాను. ఎదురింటి దగ్గర అంటే, ఎదురిల్లు ఉండిన చోట, దాని మట్టి దిబ్బ మీద. పొడుగు లెన్సుకు కావలసిన ముప్పై అంగల దూరం దొరకాలంటే మామూలు రోజుల్లో ఆ వీధిలో కుదిరేది కాదు. ఆ ఇల్లు పోబట్టి నాకు జాగా దొరికింది. ఆ సంగతి అప్పుడు నేను ఆలోచించలేదు. నేను ఆలోచించింది ఒక్కటే, నా నీడ గంభీరంగా పడుతోందా లేదా అని.

ముందుగా ఒక ఉపన్యాసం ఇచ్చాను. “అందరు సెల్‌ఫోన్లు లోపల పెట్టున్రి. ఒక్కరు గుడ తియ్యొద్దు. సెల్లులు ఎదురుంగ పెడితే మనిషి కన్ను అటు పోతది. ఇది ఫోటో. రోజు తీసుకునేటియి ఫోటోలు గావు.”

పాపం, పెద్దవాణ్నని అందరూ విన్నారు. ఒక పీట మీద పద్నాలుగు ఫోన్లు పెట్టి, దాన్ని లోపలి గదిలో దాచారు. నా అపరాధాల్లో ఇది అన్నింటికంటే పెద్దది, గుర్తుంచుకోండి.

నేను తల వంచి డబ్బాలోకి చూశాను. అటువైపు గొణుగుడు మొదలైంది.

“సారు మా దిక్కు చూస్తనే లేడేంది?” అంది చిన్న కోడలు.

“డబ్బల చూస్తుండు” అన్నాడు అల్లుడు.

“డబ్బల ఏమన్న పడ్డదేమో.”

ఈ చివరి మాట ఎవరన్నారో నాకు ఈనాటికీ తెలియదు. తెలిస్తే వెళ్లి కాళ్లకు దండం పెడతాను.

“జర ఎడమకు జరగున్రి” అన్నాను. జరిగారు. గాజులో కుడికి పోయారు. “అటు గాదు, ఇటు.” ఇటు వచ్చారు. గాజులో అటు పోయారు. “ఇటంటే అటు.” పంతొమ్మిది మంది చేతులు పట్టుకుని అటో అడుగు ఇటో అడుగు వేస్తుంటే కోలాటం లాగే ఉంది, కోలలు ఒక్కటే తక్కువ. మధ్యలో కుర్చీలో కూర్చున్న రాజవ్వ, కుర్చీతో సహా మూడుసార్లు జరిగాక అంది: “కొడుకా, ఎట్లైన పదిహేను దినాలల్ల జరుగుతనే ఉన్నం. గింత తొందర పెట్టకు.”

అందరూ నవ్వారు. ఆ నవ్వు గాజు మీద కనిపించింది. రాజవ్వ పై పెదవి మీద ముడతలు, వెనక తలుపు గడియకు ఉన్న తుప్పు, గడపకు రాసిన పసుపు, అన్నీ ఒక్కసారి గాజు మీద కూర్చున్నాయి. మీట నొక్కాను. తలుపు గొళ్లెం పడ్డట్టు టకామని చప్పుడైంది. పన్నెండు సార్లు నొక్కాను. పన్నెండు సార్లూ ఇదే నా బతుకులో తీసిన మంచి ఫోటో అనుకున్నాను.

మర్నాడు స్నానాలగది కిటికీకి దుప్పటి కొట్టి ఫిల్ము కడిగాను. నెగెటివులో బొమ్మ చిన్నగా ఉండటం వల్ల తేడా పోల్చుకోలేదు. కాగితం మీద వెలుగు వేసి, మందునీళ్ల ట్రేలో వదిలాను. తెల్ల కాగితం మీద మొట్టమొదట ఒక చెప్పు తేలింది.

తర్వాత ఇంకో చెప్పు. తర్వాత వరసగా చెప్పులు. హవాయి చెప్పు పట్టీ మీద పగుళ్లు, తోలు చెప్పు కుట్టులో ఊడిన దారం, ఒక చెప్పు మీద నిలబడ్డ చీమ. ముగ్గు పిండి రేణువులు. అలికిన నేల మీద వేళ్ల గీతలు, అయిదు వేళ్లవీ విడివిడిగా. ఇంత నాణ్యమైన ఫోటో నేను జన్మలో తీయలేదు. వాటి వెనక, మెత్తగా, పంతొమ్మిది బూడిదరంగు మూటలు. వాటి వెనక ఇల్లనుకోదగ్గ ఒక మసక.

సత్తెమ్మను పిలిచాను. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి చాలాసేపు చూసింది.

“మస్తుగున్నది. ఎవలియి చెప్పులు?”

“రాజవ్వ వాళ్లయి.”

“మరి మనుషులేరి?”

“ఎన్క ఉన్నరు.”

“ఏం, అలిగిన్రా?”

పన్నెండు ఫోటోలూ అంతే. పోనీ ఫోకస్ తప్పింది సరే, గాజులో లేని చెప్పులు ఫిల్ము మీదికి ఎలా వచ్చాయి? నేను చూస్తున్నప్పుడు గాజులో ఒక్క చెప్పూ లేదు. కనిపించకుండా వచ్చి నిలబడటానికి అవి ఏ లోకపు చెప్పులు? నిజం చెబుతున్నాను, నాకు భయం కూడా వేసింది.

భయంలో నేను చేసే పని ఒకటే, ఆలస్యం. కిష్టయ్య ఫోన్ చేస్తే ఫోటోలు ఆరుతున్నాయన్నాను. నాలుగు రోజులకు మళ్లీ చేశాడు. ఇంకా ఆరుతున్నాయన్నాను. మూడోసారి రాజవ్వే ఫోన్ తీసుకుంది.

“కొడుకా, గిన్ని దినాలు ఎండవెట్టనీకి గది ఫోటోనా, వడియాలా?”

“మబ్బు పట్టింది అవ్వా.”

“ఈడ ఎండ కొడుతున్నది. ఈడికి తెచ్చి ఎండవెట్టు.”

అలా నేను ఎండబెడుతుండగానే ఆ పదిహేను రోజులు గడిచాయి. కాలనీకి వెళ్లిపోయామని, ఇల్లు తీసేశారని కిష్టయ్య చెప్పాడు. మళ్లీ తీయడానికి ఇక ఏమీ లేదు. మొదటి రోజే నిజం చెప్పి ఉంటే ఆ తలుపు ముందు ముసలమ్మనైనా నిలబెట్టి తీసి ఉండేవాణ్ని. ఇది రాస్తుంటే గిన్నె చప్పుడు కూడా రావడం లేదు.

తప్పు ఎక్కడుందో అప్పుడు వెతికాను. సత్తెమ్మ ఊరగాయ జాడీలు ఏడింటిని మేడ మీద అడుగుకొకటి పెట్టి, నడిమి జాడీకి ఫోకస్ చేసి తీశాను. ఫోటోలో నడిమి జాడీ మసక. అన్నింటికంటే నాకు దగ్గరగా ఉన్న జాడీ మీద కారం మరక కూడా కనిపించింది. ఇక డబ్బా పట్టుకుని కోఠికి పరుగెత్తాను.

ముసలి మిస్త్రీ తెల్ల గుడ్డ పరిచి, భూతద్దం కంటికి పెట్టుకుని, అద్దాన్ని సన్నగా పైకెత్తి, పట్టకారుతో ఏదో పట్టి గుడ్డ మీద పెట్టాడు. పసుప్పచ్చగా ఉంది. విరిగిన బియ్యపు గింజ. సగం అక్షింత.

మిస్త్రీ నన్ను చూశాడు, గింజను చూశాడు. “కెమెరాకు ఆకలైందా భయ్యా?”

ఆ సగం గింజ అద్దం ఆనుకునే చోట దూరింది. అద్దం వెంట్రుకవాసి పైనే ఆగిపోయింది. దాంతో గాజు నాకు ఒక దూరం చెప్పింది, ఫిల్ముకు ఇంకో దూరం దక్కింది. గాజు మీది బొమ్మ కింది భాగం కూడా తెగిపోయింది. అందుకే చెప్పులు నాకు కనిపించలేదు, ఫిల్ముకు కనిపించాయి. గోటితో తీసేస్తే ఎగిరిపోయే నూక. పంతొమ్మిది మంది ముఖాలనూ, ఒక ఇంటినీ చెరిపేసింది. మిస్త్రీ చాయ్ తెప్పించి నా చేతిలో పెట్టాడు.

ఫోటో కవర్లో పెట్టుకుని కాలనీకి వెళ్లాను. సత్తెమ్మ కూడా వచ్చింది. నేను మధ్యలో బస్సు దిగి పారిపోతానని ఆవిడ అనుమానం. దారి పొడుగునా ఒక అబద్ధం తయారుచేశాను. ఇదొక కొత్త పద్ధతి, పెద్ద పెద్ద పట్నాల్లో ఇలాగే తీస్తున్నారు అని చెప్పాలని. రాజవ్వ తన కొత్త ఇంటి ముందు, సిమెంటు మెట్టు మీద కూర్చుని ఉంది. ఆవిడను చూడగానే అబద్ధం మరిచిపోయాను.

“ఫోటో కరాబైంది అవ్వా. తప్పు నాదే. ముఖాలు రాలే, ఇల్లు రాలే. చెప్పులే వచ్చినయి.”

కిష్టయ్య ఫోటో తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. వాళ్లింట్లోనే ఉన్న అల్లుడు తొంగి చూసి, “అందరం నీళ్లల్ల ఉన్నట్టున్నం” అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

రాజవ్వ ఫోటోను ఒళ్లో పెట్టుకుంది. కొంగుతో ఒకసారి తుడిచింది. వెనక మూటల మీద వేలు పెట్టి చూసింది, వదిలేసింది. వేలు చెప్పుల దగ్గరికి వచ్చింది.

“గీయి పెద్దోనియి” అంది. “ఎడమ మడిమె అరిగింది చూడు. చిన్నగున్నప్పుడు చింతచెట్టు మీదికెల్లి పడ్డప్పటి సంది అట్లనే ఒరిగి నడుస్తడు.”

కిష్టయ్య వంగి చూశాడు. తన కాలికున్న చెప్పు కూడా చూసుకున్నాడు.

“గీ పిన్నీసు పెట్టిన చెప్పు చిన్న కోడలిది. కొత్తయి కొనిస్త అంటే వద్దంటది. గీ బూట్లకు దుమ్ము గుడ లేదు. అల్లునియే. పొలం దిక్కు ఎన్నడు పోయిండని.”

అల్లుడు లోపలికి వెళ్లిపోయాడు.

“గిది మనుమరాలిది, కాలు పెరిగింది, కాలివేళ్లు బయటికొచ్చిన గుర్తు చూడు. గీ రెండు ఎడం దిక్కుయే. నడిపోడు తొందరల ఎవనిదో ఏసుకొచ్చిండు.”

ఇలా ఆవిడ వేలు ఒక్క జతనూ వదలకుండా పోయింది. ఒక్కచోట కూడా ఆగి ఆలోచించలేదు. ముఖాలు వచ్చి ఉంటే ఎవరైనా పేర్లు చెప్పగలిగేవాళ్లు. అరిగిన మడమను చూసి మనిషిని, మనిషి నడకను, ఆ నడకకు కారణమైన చెట్టును చెప్పిన మనిషిని నేను ఆ రోజే చూశాను. ఇరవై ఎనిమిదేళ్లు ఫోకస్ కోసం కొట్టుకున్నవాణ్ని, ఏ డబ్బా లేకుండా ఆవిడకు ఉన్న ఫోకస్ చూసి మెట్టు కింద నేల మీద కూర్చుండిపోయాను.

లెక్కపెట్టుకుంటూ ఉన్న సత్తెమ్మ అడిగింది: “పద్దెనిమిది జతలే ఉన్నయి అవ్వా. నీయి ఏవి?”

“నాయి ఉండయి బిడ్డా.”

“ఎందుకు?”

“నేను ఇంట్లకెల్లి వాకిట్లకు వచ్చిన. చెప్పులెందుకు?”

ఫోటో తిరిగి ఇచ్చేస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. మేకు తెమ్మంది. చెప్పుల ఫోటో దేవుళ్ల పక్కన పెడతావా అని కోడళ్లు గోల చేశారు. ఆవిడ దేవుళ్ల వైపే చూడలేదు. గడప బయట, అందరూ చెప్పులు విడిచే మూలలో, మోకాలి ఎత్తున కొట్టించింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ ఇంటికి వచ్చినవాళ్లు చెప్పులు విడుస్తూ వంగి దాన్ని చూస్తారు. నా ఫోటోకు అంతమంది తల వంచడం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఆ ఫోటో కాపీ ఒకటి మా ఇంట్లోనూ ఉంది. దాన్ని చూసిన ఒక లెక్చరర్, “కావాలనే ఇట్ల తీసిన్రా సార్?” అని అడిగాడు. నేను “ఊఁ” అన్నాను. ఆ రోజు వంటింట్లో పడింది గిన్నె కాదు, బిందె.

కాబట్టి, ముసలివాణ్ని, ఆ సగం గింజను ఇప్పటికీ అగ్గిపెట్టెలో దాచుకున్నవాణ్ని, దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో ఎవరి ఇంటి ముందూ ఫోన్లు లోపల పెట్టించను. ఆరిన ఫోటో ఇంకా ఆరుతోందని అనను. మరీ ముఖ్యంగా, దసరా రోజు నేను జమ్మి ఆకు కోసం వెళ్లేటప్పుడు డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళతాను, ఎందుకంటే భక్తి ఎక్కువైన ఆడవాళ్లు అక్షింతలు ఎక్కడ పడితే అక్కడ...

ఇంతవరకూ చదివేసరికి వంటింట్లో చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. సత్తెమ్మ గిన్నె లేకుండానే వచ్చి గుమ్మంలో నిలబడింది.

“జమ్మికి నువ్వు పోయింది పొద్దుగూకినంక. పూజ అయింది పొద్దుగాల. నేను డబ్బ మీద బొట్టు పెట్టిన, గంతే. లెన్సు ఊడదీసి, అమ్మవారు లోపలికి గుడ రావాలె అని పిడికెడు అక్షింతలు పోసింది నువ్వు. వద్దన్న, ఇనలే. మల్ల బోర్లించి దులిపినవ్, అన్ని వచ్చినయి అన్నవ్. గది గుడ రాయి.”